తగ్గాల్సింది ఒళ్ళు, పాలు కాదు

నా పెద్దకొడుకు పుట్టినప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, నన్ను ఐదు నెలలు మంథనిలో తన ఇంట్లోనే ఉంచుకుంది. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగడం మామూలే. మా అవ్వ చేసిన బాలింత సేవ మాత్రం మామూలుది కాదు. నా మంచమున్న అర్ర కిటికీ మూసేసింది. మంచం కింద కుంపటి పెట్టింది. తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది కుక్కి, తినడం తప్ప నాకు మరో పని లేకుండా చేసింది.

తెల్లవారగానే కాయం ముద్ద. మిరియాలు, సొంఠి, పిప్పళ్ళు దంచి బెల్లంతో, నెయ్యితో కలిపిన నల్లటి ఉండ అది. దాని మంట గొంతులోంచి దిగకముందే అన్నం పళ్ళెం వచ్చేది. మాది గోదావరి ఒడ్డు, వరి పండే ఊరు. అన్నానికి కొదవ లేదు. ఎల్లిపాయ కారం వేసి, నడుమ గుంట చేసి, ఆ గుంట నిండేదాకా నెయ్యి పోసేది. నేను చాలంటే ఆమె చేతిలో గరిటె ఇంకోసారి వంగేది.

"తిను బిడ్డా. నువ్వు తింటెనే వానికి పాలు," అనేది.

నీళ్ళడిగితే మాత్రం కళ్ళెర్రజేసేది. బాలింత నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని ఆమె నమ్మకం. నేను నీళ్ళు తాగకుండానే పొట్ట వచ్చింది.

నేను తిన్నదంతా నాలోంచి నేరుగా పిల్లవాడికి పోతుందని మొదట్లో అనుకున్నాను. నెలలు గడిచేకొద్దీ అందులో చాలా భాగం వాడిదాకా చేరకుండా నా దగ్గరే ఆగిపోతోందని తెలిసింది. ముందువైపు ముడివేసుకునే నా రైకల్లో ఏ ఒక్కదానికీ ముడి పడలేదు. అవ్వ తన రైకలిచ్చింది. కొన్నాళ్ళకు అవీ చాలలేదు.

శ్రావణంలో మా ఆయన నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. వాకిట్లో కాళ్ళు కడుక్కుని, నా పక్కనుంచి లోపలికి తొంగిచూసి, "అత్తమ్మా, తయారైందా?" అని మా అవ్వనడిగాడు. నేను ఆయన ముందే నిలబడి ఉన్నాను. మళ్ళీ తిరిగి చూసి, చూసిన సంగతి నాకు తెలియకూడదన్నట్టు తువ్వాలతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ తుడవడం చాలాసేపు సాగింది.

మంథని నుంచి పెద్దపల్లికి ఒక బస్సు, అక్కణ్ణుంచి కరీంనగర్‌కు ఒకటి, అక్కణ్ణుంచి హుస్నాబాద్‌కు మరొకటి. ప్రతి బస్సులోనూ కండక్టరు, "అమ్మా, జర సర్దుకోండ్రి," అన్నాడు. సర్దుకోవడానికి నాకు చోటు మిగల్లేదు. హుస్నాబాద్‌లో దిగి మా ఎడ్లబండి ఎక్కి, పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకుని వెనకవైపు కూర్చున్నాను. బండి కదలగానే ఆయన ఆపాడు.

"కాడి మీదికి లేస్తంది. జర ముందటికి జరుగు," అన్నాడు ఎడ్ల వైపే చూస్తూ.

జరిగాను.

అప్పటికి హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి కొద్దికాలమే అయింది. మా అత్తగారి ఊళ్ళో ఆ సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. గుట్టల నడుమ ఊరు, మెట్టనేల. జొన్న, మక్క, పల్లికాయ పండేవి. బావి కింద మాత్రం కాస్త వరి. పొద్దున్నా మాపునా జొన్న గటుకే తిండి. జొన్నరవ్వను మెత్తగా ఉడికించి చల్ల పోసుకుని తినడం. అన్నం పండుగకో, చుట్టం వస్తేనో. మా అవ్వ మా ఆయనతో ఒక మాట చెప్పి పంపింది: "నా బిడ్డ పచ్చి బాలింత. గటుక వెట్టొద్దు, అన్నమే పెట్టుండ్రి."

ఆ మాట మా అత్తమ్మకు గుచ్చుకుంది. కానీ మంథని నుంచి ఇంకో మాట రాకూడదని, మా అవ్వ పెట్టినదానికి ఒక్క ముద్ద కూడా తగ్గకుండా అన్నం పెట్టడం మొదలుపెట్టింది. నెయ్యి కూడా అంతే, నీళ్ళ కట్టడీ అంతే. నన్ను మేపడంలో ఇద్దరు వియ్యపురాళ్ళకు పోటీ వచ్చింది. మధ్యలో ఊదింది నేను.

ఇక్కడ మా మామ గురించి చెప్పాలి. పొడుగాటి మనిషి, తక్కువ మాటలవాడు. ఆ రోజుల్లో మా ఇళ్ళలో కోడలు మామకు ఎదురుగా నిలబడి మాట్లాడదు. మామ కూడా కోడలితో నేరుగా మాట్లాడడు. మా మామ ఈ కట్టుబాటు తప్పకుండానే చెప్పవలసినవన్నీ చెప్పేవాడు. బర్రెతో చెప్పేవాడు.

వంటింటి గోడకు అవతలే కొట్టం. "ఏమే, నీళ్ళు కాగినయా?" అని ఆయన బర్రెనడిగితే, ఇవతల నేను బిందె దించేదాన్ని. "ఇయ్యాల ఉప్పు తక్కువైందే నీకు," అని దాని వీపు నిమిరితే, కూరలో ఉప్పు తగ్గిందని అర్థం. నా కాన్పు రోజుల్లోనే ఆ బర్రె కూడా ఈనింది. నల్లటి నిగనిగలాడే బర్రె. ఎవరేం చెప్పినా నెమరు ఆపకుండా వినేది.

పెళ్ళయిన కొత్తలో నేను సన్నగా ఉండేదాన్ని. అందుకని గుమ్మిలోకి దిగే పని నాకు పడింది. గుమ్మి అంటే వెదురుతో అల్లి, మట్టీ పేడా పూసిన పెద్ద ధాన్యపు బుట్ట. మనిషెత్తు ఉంటుంది, మూతి పైన ఉంటుంది. వడ్లు అడుగుకు చేరినప్పుడు ఎవరో ఒకరు ఆ మూతిలోంచి లోపలికి దిగి చేటతో అందియ్యాలి.

నేను అత్తగారింటికి తిరిగొచ్చిన కొద్దిరోజులకు, దంచడానికి వడ్లు కావలసివచ్చాయి. అత్తమ్మ, మా ఆయన చేనుకు పోయారు. మామ కొట్టంలో పగ్గం పేనుతున్నాడు. పిల్లవాడు తొట్టెలలో నిద్రపోతున్నాడు. నేను ఎత్తుపీట వేసుకుని గుమ్మి ఎక్కి కాళ్ళు లోపలికి వదిలాను. మోకాళ్ళు దిగాయి. తొడలు దిగాయి. తర్వాత ఏమీ దిగలేదు.

పైకి రాబోయాను. అదీ కాలేదు. పాదాలు లోపల వడ్లకు అందవు, చేతులు మూతి అంచు మీద. ఆ ఎత్తు నుంచి మా ఇంటి దూలాలు, వాటి మీద బూజు బాగా కనబడ్డాయి. ఒక కోడిపెట్ట వచ్చి తలెత్తి నన్ను ఒక కన్నుతో చూసి, తిరిగి ఇంకో కన్నుతో చూసింది.

అప్పుడే పిల్లవాడు లేచి ఏడుపు మొదలుపెట్టాడు. కాసేపటికి కొట్టంలోంచి మామ దగ్గు వినబడింది.

"ఏమే, పిలగాడు ఏడుస్తుండు గదా. తల్లి ఏడికి వోయింది?" అన్నాడు బర్రెతో.

నేను పలక్క తప్పింది కాదు. నేరుగా మామతో మాట్లాడలేను. "బర్రే, నేను గుమ్మి కాడున్న," అన్నాను.

"గుమ్మిల ఉన్నదా, గుమ్మి మీద ఉన్నదా?" అన్నాడు.

"రెంటికి నడుమ ఉన్న. అత్తమ్మను జర పిలువుమను."

చెప్పుల చప్పుడు గబగబా చేను వైపు పోయింది.

అత్తమ్మ వచ్చి, నెత్తి మీది గంప దించి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఎట్ల దూరినవ్?"

"ఎప్పటిలెక్కనే దూరిన."

"ఎప్పటిలెక్క ఉన్నవా మరి?"

రెండు చేతులూ పట్టుకుని లాగింది. నాతోపాటు గుమ్మి కూడా ఆమె మీదికి వంగింది. వదిలేసింది. ఆముదం పోసి చూద్దామంది. నేను వద్దన్నాను. ఇంతలో పిల్లవాడి గొంతు ఊరంతా వినబడేలా పెరిగింది. అత్తమ్మ వాణ్ణి తెచ్చి పీట ఎక్కి నా చేతికందించింది.

"ముందుగాల వీనికి పాలియ్యి. ఎట్లాగు కూసునే ఉన్నవ్," అంది.

గుమ్మి మూతిలో ఇరుక్కుని నేను నా కొడుక్కు పాలిచ్చాను. వాడికి తల్లి ఎక్కడున్నదీ పట్టలేదు. కళ్ళు మూసుకుని, చేత్తో నా మెడలో పుస్తెలు పట్టుకుని తాగాడు. మా ఆయన చేను నుంచి వచ్చేసరికి వాడు నిద్రలోకి పోతున్నాడు.

తల్లి ముందు పెళ్ళాన్ని ముట్టుకోవడానికి ఆయనకు సిగ్గు. అందుకని నన్ను కాక గుమ్మిని ముట్టుకున్నాడు. కొడవలితో అంచు కట్లు కోసి, అల్లిక విప్పాడు. నడుముకు వెదురుకట్టు వడ్డాణంలా తగిలించుకుని నేను కిందికి దిగాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మర్నాడు గుమ్మి బాగుచేయడానికి మేదరి ఆయన వచ్చాడు. "మూతి జర ఎడల్పు చెయ్యి," అంది అత్తమ్మ. ఎంత ఎడల్పు అని ఆయనడిగాడు. అత్తమ్మ దూరంగా ఉన్న నా వైపు తిరిగి, గాలిలో రెండు చేతులు చాచి కొలత తీసి, ఆ చేతులు అలాగే పట్టుకుని పోయి ఆయనకు చూపించింది.

ఆ పూటే నేను బక్కబడాలని ఒట్టు పెట్టుకున్నాను.

నాకు తెలిసిన ఉపాయం ఒకటే, తినకపోవడం. అత్తమ్మ పళ్ళెం పెట్టి తన పనికి పోగానే నాలుగు ముద్దలు తిని, మిగిలిన నెయ్యి అన్నం కొట్టంలో బర్రె కుడితి తాగే గోలెంలో కలిపేసేదాన్ని. బర్రె కళ్ళు మూసుకుని జుర్రుకునేది. దానికి ఎల్లిపాయ కారం కూడా నచ్చింది.

కొద్దిరోజుల్లో రైక కొసలు ఒకదానికొకటి ఎదురొచ్చాయి. ముడి పడలేదు కానీ, పడుతుందనే ఆశ కలిగింది. నాకు గర్వమొచ్చింది. అదే రోజుల్లో పిల్లవాడి తీరు మారింది. రొమ్ము పట్టుకుని కాసేపు చీకి, వదిలి, నా మొహంలోకి చూసి ఏడ్చేవాడు. మళ్ళీ పట్టుకుని గుంజేవాడు. పాలిచ్చి పడుకోబెట్టి అటు తిరిగేలోపు మళ్ళీ లేచేవాడు. నాకు నిలబడితే కళ్ళు తిరిగేవి.

"పాలు చాల్తలేవా పిల్లా?" అని అడిగింది అత్తమ్మ.

"చాల్తున్నయ్."

"మరి వాడెందుకు గంతగనం ఏడుస్తుండు?"

దిష్టి అనుకుంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటుకు అందరం దగ్గాం. పిల్లవాడు ఏడుపు ఆపలేదు. అటు బర్రె మాత్రం మునుపటికన్నా ఎక్కువ పాలిస్తోంది. "ఏందే, పెండ్లి బోనం తిన్నట్టు ఇస్తున్నవ్," అని మామ దాన్ని మెచ్చుకోవడం గోడవతల నుంచి నాకు వినబడేది. అందులో నాకేదైనా చెప్తున్నాడేమోనని వెతికాను. ఏమీ కనబడలేదు.

ఒకరోజు పొద్దున బర్రె పడుకున్నచోటు నుంచి లేవలేదు. పొట్ట డప్పులా ఉబ్బింది. నెమరు లేదు. మామ పాలు పితకబోతే చెంబు అడుగు తడిసింది, అంతే. ఆ పూట మా ఇంట్లో దూడా పిల్లవాడూ పోటీపడి అరిచారు.

ఆ సంగతి ఇంకా తెలియని అత్తమ్మకు కొట్టంలోంచి మామ కేకేశాడు: "ఎక్కువ తిని ఉబ్బింది. అరుగుతలేదు. వాము, అల్లం దంచి, నల్ల ఉప్పు గలిపి, జర నూనె పోసి చెంబెడు తాపు. పండనియ్యకు. వాకిట్ల అటిటు నడిపియ్యి."

గుమ్మి సంగతి జరిగిన తర్వాత ఆ ఇంట్లో ఎక్కువ తిని ఉబ్బింది ఎవరో అత్తమ్మకు వేరే చెప్పనక్కరలేదు. మామ బర్రెను అడ్డం పెట్టుకోకుండా నేరుగా చెప్పాడంటే ఎంత పరేషాన్ అయి ఉంటాడో అనుకుంది. రోట్లో అన్నీ దంచి, చెంబు తెచ్చి నా ముందు నిలబడింది.

"తాగు."

"ఏందత్తమ్మా ఇది?"

"మామ తాపుమన్నడు."

మామ మాటకు ఎదురు చెప్పేదాన్ని కాదు. కళ్ళు మూసుకుని చెంబెడూ తాగేశాను. కాయం ముద్దలు నమిలిన నోటికి కూడా అది లెక్కలోకి రాని మంట. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే అత్తమ్మ నా జబ్బ పట్టుకుని వాకిట్లో నడిపించడం మొదలుపెట్టింది. నేను ఆగితే వీపు మీద నెమ్మదిగా తట్టింది.

మామ కొట్టంలోంచి బయటికొచ్చి మమ్మల్ని చూశాడు. ఖాళీ చెంబును చూశాడు.

"గది ఆమెకు గాదు. బర్రెకు," అన్నాడు.

అత్తమ్మ నా జబ్బ వదల్లేదు. "నువ్వు ఏ మాట ఎవరికి చెప్తవో నాకేమెర్క? కోడలికి చెప్పేదల్ల బర్రెకు చెప్తివి. బర్రెకు చెప్పేది ఎవరికనుకోవాలె నేను?"

మామ నా వైపు తిరిగాడు. "ఉమ్మెయ్యి బిడ్డా, కడుపుల మండుతది," అన్నాడు.

ఆయన నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. అప్పటికే మింగేశానని తల ఊపి చెప్పాను.

బర్రెకు మళ్ళీ మందు నూరి తాపారు. సాయంత్రానికి అది లేచి నిలబడింది. అసలు అది ఏం తిని ఉబ్బిందో చూద్దామని మామ గోలెం ఒంపి కడిగాడు. అడుగున పేరుకున్న మెత్తటి అన్నం, ఎల్లిపాయ రేకలు, అంచుకంటా నెయ్యి జిడ్డు. ఒక గుప్పెడు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"బర్రె ఎల్లిపాయ కారం ఎప్పటిసంది తింటుందో నాకెర్కలే," అన్నాడు.

నేను తలుపు చాటుకు పోయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అత్తమ్మ అన్నం వైపు, నా వైపు చూసి, "ఎందుకు వోసినవే?" అంది. కోపంగా అనలేదు.

"బక్కవడాల్నని," అన్నాను. ఆ ఒక్క మాటతో ఏడుపు వచ్చేసింది. గుమ్మి, మేదరి ఆయనకు ఆమె చూపిన కొలత, బస్సులో కండక్టరు, బండి కాడి, అన్నీ ఒకేసారి చెప్పేశాను. చెప్తుంటే అత్తమ్మ మొహం ఒక తీరుగా అయింది. అది జాలి అనుకున్నాను. నవ్వు ఆపుకుంటోందని తర్వాత తెలిసింది.

మామ అరుగు మీద కూర్చున్నాడు. పాత కట్టుబాటు పూర్తిగా వదల్లేక సగం గోడవైపు తిరిగి మాట్లాడాడు.

"బక్కవడాల్నని ఉంటె బక్కవడు. ఎవరొద్దన్నరు? గాని పాలిచ్చేదానికి ఒక్కపారే మేత బందు వెడితె పాలెట్లొస్తయ్? మెల్లగ తగ్గాలె. కడుపునిండ తినాలె, గాని నెయ్యి గంత అక్కరలేదు. కట్టేసి మేపుతున్నరు నిన్ను. నడక లేదు. పైనుంచి నీళ్ళు తాగుతలేవు. నీళ్ళు తాగకపోతె పాలు ఏడికెళ్ళి వస్తయ్ బిడ్డా?"

"కోడలిని బర్రెతోని పోలుస్తవా?" అంది అత్తమ్మ.

"నాకెర్కున్నది చెప్తున్న. మనుషుల సంగతి నాకు తెల్వది," అన్నాడు.

మర్నాటి నుంచి నా తిండి మారింది. అన్నం తగ్గి జొన్న గటుక వచ్చింది. దాంతోపాటు చల్ల, పప్పు, పుంటికూర, గంగవాయిలి కూర, ఉడికించిన బొబ్బర్లు. నెయ్యి గుంటకు బదులు ఒక చుక్క. కడుపు నిండేదాకా తినాలి, అత్తమ్మ ఎదురుగా కూర్చుని చూసేది. పళ్ళెం పట్టుకుని కొట్టం వైపు పోవడానికి వీల్లేదు. పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకున్నప్పుడల్లా పక్కన చెంబెడు నీళ్ళు పెట్టేది. ఇన్నాళ్ళూ నీళ్ళకు మొహంవాచిన దాన్ని, గటగటా తాగేదాన్ని. బర్రెకు పెట్టినట్టు పత్తిగింజలు నానబోసి ఇస్తే ఇంకా మంచిదని మామ అన్నాడు. అంతవరకు మాత్రం నేను ఒప్పుకోలేదు.

చేనుకు సద్దిగంప మోసుకుపోయే పని నాకిచ్చారు. గంప నెత్తిన, పిల్లవాడు చంకన. గుట్ట పక్కనుంచి దారి. మొదటిరోజు సగం దారిలో కూర్చుండిపోయాను. బావి గడ్డ మీద వేపచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి వాణ్ణి వేసేదాన్ని. వాడు ఏడ్చినప్పుడల్లా వచ్చి పాలిచ్చేదాన్ని. వాడు ఎంత ఎక్కువ తాగితే పాలు అంత ఎక్కువ దిగుతాయని అత్తమ్మ చెప్పింది. ఈ సంగతి బర్రె దగ్గర నేర్చుకుంది కాదని, తాను పిల్లల్ని కన్నదాన్నని మామకు వినబడేలా చెప్పింది.

వారం తిరక్కముందే పాలు మళ్ళీ నిండాయి. పిల్లవాడు తాగి, వదిలి, నిద్రపోయాడు. ఒళ్ళు మాత్రం అంత తొందరగా లొంగలేదు. ఇన్ని రోజులు నడిచినా రైక కొసలు ఎక్కడివక్కడే ఉంటే నాకు చికాకు పుట్టేది. ఒక పూట తిండి మానేద్దామా అనిపించేది. మామకు ఎలా తెలిసేదో, "ఫికర్ వెట్టుకోకు. వచ్చినప్పుడు ఒక్క దినంల రాలే గదా," అనేవాడు. ఇప్పుడు నేరుగా నాతోనే అనేవాడు. బతుకమ్మ పండుగకు నేను సజ్జరొట్టెలో బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు ఎన్ని తిన్నానో నాకే గుర్తులేదు. పండుగ పోయాక మళ్ళీ గంప ఎత్తుకున్నాను. పల్లికాయ పీకే రోజులు వచ్చేసరికి రైకకు ముడి పడింది. జొన్నకంకులు పాలు పోసుకునేసరికి ముడి వేశాక ఇంత కొస మిగిలింది. నేను నడుస్తూ మధ్యమధ్య ఆ కొస పట్టుకుని చూసుకునేదాన్ని.

చలి తగ్గుతుండగా మా అవ్వ మమ్మల్ని చూడటానికి వచ్చింది. నెయ్యి డబ్బా చేత పట్టుకుని ఊరి బయట నడుస్తుంటే, చేను నుంచి గంపతో వస్తున్న నేను ఎదురుపడ్డాను. నన్ను దాటిపోయింది. "అవ్వా," అని పిలిస్తే వెనక్కి తిరిగి, డబ్బా కింద పెట్టి, నా దండ చెయ్యి వేళ్ళతో పట్టి చూసింది.

"కూలికొచ్చిన పిల్ల ఎవరో అనుకున్న," అని ఏడుపందుకుంది.

ఇంట్లోకి అడుగు పెట్టగానే అత్తమ్మను నిలబెట్టి అడిగింది. "వదినె, నా బిడ్డను గటుక వోసి ఎండవెట్టినవా? అన్నం పెట్టుండ్రని చెప్పి పంపితి గదా."

"పెట్టిన. నీ బిడ్డ తిన్నది. తిని నా గుమ్మిని కోయించింది," అంది అత్తమ్మ.

"పాలిచ్చే తల్లి గిట్లుంటదా?"

"గట్లుంటె పాలుండవని ఎవరు చెప్పిండ్రు? మనుమణ్ణి ఎత్తుకో, తెలుస్తది."

పిల్లవాడు అరుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అవ్వ వాణ్ణి ఎత్తబోయింది. మొదటిసారి లేవలేదు. రెండోసారి లేచాడు కానీ అవ్వ నడుము పట్టుకుని కూర్చుండిపోయింది. వాడి తొడల మడతలు ఒక్కొక్కటే విప్పి చూసింది. ఆ మాట అక్కడితో ఆగింది.

కానీ ఆమె పరేషాన్ ఇంకొకటి ఉంది. పూట గడిచాక బయటపెట్టింది. నా కాన్పు కష్టమైందట. ఆ నొప్పుల్లో నా తలాపున కూర్చుని, తల్లీ పిల్లా బతికి బయటపడితే తన బిడ్డ నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మక్కకు మొక్కుకుందట. ఆ తల్లి జాతరలో బెల్లాన్నే బంగారమంటారు. జాతర దగ్గరికొచ్చింది. నన్ను తూచి, అంత బెల్లం తీసుకుపోదామని వచ్చింది.

"మొక్కిన్నాడు నా బిడ్డ ఇంత ఉండె," అని చేతులు చాచింది. "ఇప్పుడు సగమైంది. సగం బెల్లం పట్టుకపోతె తల్లి ఊకుంటదా? మోసం చేసినట్టుండదా?"

నన్ను మళ్ళీ లావు చేసి తూచాలని ఆమె ఆలోచన. నెయ్యి డబ్బా అందుకే తెచ్చినట్టుంది. నేను అత్తమ్మ వైపు చూశాను.

అత్తమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. "వదినె, నువ్వు మొక్కినప్పుడు గీ పోరడు ఏడున్నడు?"

"దాని కడుపుల ఉండె."

"మరి ఇద్దరి మీద మొక్కినట్టే గదా. ఇద్దరిని గలిపి తూగెయ్యి. ఆమె తగ్గిందల్ల వీని ఒంట్లకే వోయింది."

అవ్వ ఇందులో ఏదో తిరకాసు ఉందన్నట్టు చాలాసేపు చూసింది. దొరకలేదు. సరేనంది.

పల్లికాయ బస్తాలు తూచే పెద్ద కాంటాను మా ఆయన కొట్టం దూలానికి కట్టాడు. నేను పిల్లవాణ్ణి పట్టుకుని ఒక పళ్ళెంలో కూర్చున్నాను. మామ అంగడి నుంచి తెచ్చిన బెల్లం ముద్దలు రెండో పళ్ళెంలో పేర్చసాగాడు. పళ్ళెం ఊగేసరికి వాడు బెదిరి నా రైక పట్టుకుని గుంజాడు. పాలు కావాలి. నేను ముడి విప్పబోయాను.

"ఇప్పుడు పాలియ్యకు. తూకం మారుతది," అంది అవ్వ.

"నీ బిడ్డ ఒంట్లకెళ్ళి నీ మనుమని కడుపులకు వోతయ్," అంది అత్తమ్మ. "పళ్ళెం దాటి ఏడికి వోతయ్ వదినె?"

పాలిచ్చాను. వాడు కాళ్ళు ఊపుతూ తాగాడు. బెల్లం పెరుగుతూ పెరుగుతూ రెండు పళ్ళేలూ సమానమై నిలబడ్డాయి. మామ చెయ్యి తీశాడు. అవ్వకు అప్పటికీ అనుమానం తీరలేదు. తల్లికి తక్కువైందనే మాట రాకూడదని ఇంకో పెద్ద ముద్ద తెచ్చి తానే వేసింది. మా పళ్ళెం మెల్లగా ఇంకా పైకి లేచింది. వాడు తాగుతూనే ఉన్నాడు.